ఏ బండిదో తెలియని బాల్ జాయింటు: షాపులో ఏమని అడగాలి?

నరసన్నపేట మిత్రుడి ప్రశ్న క్లుప్తంగా ఇదీ. చేతులు మారి మారి వచ్చిన పాత జీపు ఒకటి కొన్నారు. బాడీ విల్లీస్ రకం. ఎత్తు తగ్గించి వెడల్పు టైర్లు వేసి ఉంది. ముందున్న కమాను పట్టీలు, పాత యాక్సిలు తీసేసి ఎవరో ఎప్పుడో రెండేసి ఆర్ములు, కాయిల్ స్ప్రింగులు, డిస్కు బ్రేకులు, ర్యాక్ స్టీరింగు బిగించారు. ఇప్పుడు ఎడమవైపు కింది బాల్ జాయింటు (చక్రం వైపు భాగాన్ని కింది ఆర్ముకి కలిపే బంతి కీలు) వదులై ఆడుతోంది, గోతిలో పడితే టకటకమంటోంది. బ్రేకు ప్యాడ్లు కూడా అరిగిపోయాయి. ఏ షాపుకి వెళ్లినా "ఏ బండిదండీ?" అంటున్నారు. అమ్మినాయనకి తెలియదు, ఆయనకి అమ్మినాయన ఇప్పుడు లేడు. నాలుగు ఫొటోలు పెట్టి, ఈ సామాన్లు ఏ బండివో చెప్పమని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. ఫొటోలు చూసి బండి పేరు నేను చెప్పలేను. ఎవరైనా చెప్పినా, ఆ మాట నమ్మి సామాను కొనకండి. అసలు బండి పేరు మీకు అక్కర్లేదు. బేరింగు మీద నంబరు, ఆయిల్ సీలు మీద అంకెలు, బాల్ జాయింటు టేపరు (కన్నంలో దిగే కొన ఏటవాలు), డిస్కు కొలతలు కాగితం మీద రాసుకుని, ఊడదీసిన పాత సామాను సంచిలో వేసుకుని వెళ్లండి. ఆ తర్వాత షాపులో "ఏ బండిది" అని అడిగే పనే ఉండదు.

ఆ జాయింటు మార్చేదాకా బండి రోడ్డు ఎక్కించకండి. టై రాడ్ ఎండు (స్టీరింగు కడ్డీ చివరి కీలు) ఆడితే స్టీరింగులో తెలుస్తుంది, కొంత టైము ఇస్తుంది. కింది బాల్ జాయింటు అలా కాదు. ఊడిందంటే చక్రం బండి కిందకి మడత పడుతుంది, మీరు హైవే మీద ఉన్నారా పొలం గట్టు మీద ఉన్నారా అని చూడదు. నరసన్నపేట నుంచి శ్రీకాకుళం వరకే కదా, మెల్లగా వెళ్తానని అనుకోవద్దు.

పేరు వెతకడం ఎందుకు పనికిరాదో చెప్తాను. నేను సాలూరులో లారీ షెడ్డులో పని నేర్చుకున్నాను, తర్వాత విజయనగరంలో సొంతంగా పెట్టుకున్నాను. ముప్పై ఏళ్లలో ఇలా మార్చిన జీపులు చాలా చూశాను. వాటిలో ఒకే బండి సామాను మొత్తంగా ఎత్తి పెట్టినవి బహు తక్కువ. తుక్కులో ఏది దొరికితే అది తెచ్చి, సరిపోనిచోట లేతుకి ఇచ్చి, అప్పటికీ సరిపోకపోతే వెల్డింగు పెడతారు. మీ ఫొటోల్లోనే చూడండి. పై ఆర్ము రేకు వొంచి చేసినది, కింది ఆర్ము ఫోర్జింగు. రెండూ ఒక తల్లి పిల్లల్లా లేవు. డిస్కు మీద చక్రం స్టడ్ల మధ్య గుండ్రంగా పూడ్చిన మచ్చలు కనిపిస్తున్నాయి. అవి పాత బోల్టు కన్నాలు. అంటే ఆ డిస్కు వేరే హబ్బుది (హబ్బు అంటే చక్రం బిగించే మధ్య భాగం), మళ్లీ డ్రిల్లు కొట్టి ఎక్కించారు. నా లెక్కన మీ ముందు భాగంలో కనీసం మూడు బండ్లు ఉన్నాయి.

మీరు నెట్‌లో చూసిన అమెరికా వీడియోల్లో ప్రతివాడూ "ఇది మస్టాంగ్ 2 సస్పెన్షను" అని తేల్చేస్తున్నాడని, మనకి అలాంటి ఆనవాలు లేదా అని అడిగారు. అక్కడ స్ట్రీట్ రాడ్ల (మార్చి కట్టిన పాత కార్ల) కింద 1974 నుంచి 1978 వరకు వచ్చిన ఆ ఫోర్డు కారు ముందు భాగం పెట్టడం ఆనవాయితీ అయిపోయింది, దాని నమూనాలో కొత్త కిట్లు కూడా అమ్ముతారు. కానీ అక్కడా చిక్కే. అసలు కారుకి నాలుగు బోల్టులు, వాటి నడుముల మీదుగా గీసే వృత్తం వ్యాసం 108 మిల్లీమీటర్లు. రాడ్ల మీదేమో ఎక్కువగా ఐదు బోల్టులు, 114.3 వృత్తం కనిపిస్తాయి. వేరే ఫోర్డు కారు తాలూకు పెద్ద డిస్కులు, జనరల్ మోటార్స్ కాలిపర్లు (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగాలు) తెచ్చి దాని మీద పెడతారు కాబట్టి. అక్కడ కూడా బోల్టులు లెక్కపెట్టి బండి పేరు చెప్పినవాడు ప్యాడ్ల దగ్గర బోల్తా పడతాడు.

సరే, పేరు తెలియకపోయినా వంశం తెలిస్తే వెతుకులాట కొంత తగ్గుతుంది. స్ప్రింగు చూసి అది చెప్పొచ్చు. కింది ఆర్ము నుంచి వెనక్కి పొడవాటి కడ్డీ వెళ్లి చాసిస్‌లో దిగి ఉంటే అది టార్షన్ బార్. మన దగ్గర అంబాసిడర్, 2010లో వచ్చిన థార్ ఆ రకం. అంబాసిడర్ పాత మోడళ్లలో అయితే షాక్ అబ్జార్బరు చేయే పై ఆర్ముగా పనిచేస్తుంది. ఒకసారి చూస్తే మర్చిపోరు. పై ఆర్ము లేకుండా నిలువు స్ట్రట్ ఒక్కటే ఉంటే మారుతి 800, ఓమ్ని వైపు వెతకాలి. మీది పైన ఒక ఆర్ము, కింద ఒక ఆర్ము, మధ్యలో కాయిల్ స్ప్రింగు. ప్రీమియర్ పద్మిని, కాంటెస్సా, బొలెరో, ఇన్నోవా, ఇంకా కొన్ని ఈ కోవలోకి వస్తాయి. అంతవరకే. ఇక్కడి నుంచి "అయితే బొలెరోదే" అని దూకితే నష్టపోయేది మీరే.

ఇప్పుడు అసలు పని. బండిని చదునైన నేల మీద పెట్టి, జాకీ మీద వదలకుండా స్టాండ్ల మీద నిలబెట్టండి. చక్రం, కాలిపరు తీయండి. కాలిపర్ని బ్రేకు గొట్టానికి వేలాడదీయకుండా తీగతో కట్టండి. హబ్బు తీసి, బేరింగులు కిరసనాయిల్లో వేసి బ్రష్షుతో గ్రీజంతా పోయేదాకా కడగండి. నంబరు బేరింగు కోను (లోపలి రింగు) అంచు మీద చెక్కి ఉంటుంది, కప్పు (బయటి రింగు) మీద ఇంకోటి ఉంటుంది. రెండూ రాసుకోండి. వెలుతురు ఏటవాలుగా పడేలా సెల్‌ఫోను లైటు పట్టుకుంటే కనిపించని అంకె కూడా తేలుతుంది.

నేను బేరింగునే ఎందుకు పట్టుకుంటానంటే, బ్రాకెట్టు గ్యాసుతో కోస్తారు, కన్నం డ్రిల్లుతో మారుస్తారు, ఆర్ము పొడవు వెల్డింగుతో మారుస్తారు. బేరింగుని ఎవరూ ఇంట్లో తయారు చెయ్యరు. ఏ కంపెనీ చేసినా, ఏ దేశంలో కొన్నా ఆ నంబరుకి అవే కొలతలు. 30తోనో 32తోనో మొదలయ్యే ఐదంకెల నంబరుంటే అది మిల్లీమీటర్ల బేరింగు. చివరి రెండంకెల్ని 5తో గుణిస్తే లోపలి బోరు వస్తుంది. 30206 అంటే 30 మిల్లీమీటర్ల బోరు, 62 బయటి వ్యాసం. ఎల్.ఎం. 48548 లాంటి నంబరుంటే అది అంగుళాల బేరింగు. దాని బోరు 34.925 మిల్లీమీటర్లు, కప్పుకి విడిగా 48510 అని నంబరు ఉంటుంది. అంగుళాల నంబర్లలో బోరు దాగి ఉండదు, షాపులో పట్టిక చూడాల్సిందే. పాత విల్లీస్ జీపు ముందు హబ్బులో లోపలా బయటా ఒకే బేరింగు, 18590 కోను, 18520 కప్పు. బోరు 41.275, బయట 73.025. ఈ నంబరు కనిపిస్తే మాత్రం పేరు కూడా ధైర్యంగా చెప్పొచ్చు.

సాలూరు నుంచి ఒకాయన తెచ్చిన జీపు ఇలాగే తేలింది. ముందు డిస్కులు, ఐదు బోల్టులు. బొలెరో హబ్బు అని ముగ్గురు మెకానిక్కులు చెప్పారట. ఆయన బొలెరో బేరింగులు రెండుసార్లు కొని రెండుసార్లు తిరిగిచ్చాడు. నా దగ్గరికి వచ్చాక కడిగి చూస్తే 18590. హబ్బు జీపుదే, డిస్కు ఒక్కటే బయటి నుంచి వచ్చింది. పావుగంట పని. ఆయన రెండు నెలలు తిరిగాడు. బోల్టులు చూసి మోసపోవడం వాళ్ల తప్పు కూడా కాదు. పాత జీపుకీ, బొలెరోకీ, మారుతి జిప్సీకీ బోల్టుల వృత్తం ఒక్కటే, ఐదు బోల్టులు, 139.7 మిల్లీమీటర్లు.

బేరింగు కూడా అబద్ధం చెప్పిన సందర్భం ఒకటి ఉంది, అది దాచను. రాజాం వైపు నుంచి వచ్చిన బండి. బేరింగు మీద 32008 అని స్పష్టంగా ఉంది. బోరు 40, బయట 68. మిల్లీమీటర్ల బండే కదా అని దానికి తగ్గ సీలు తెప్పించాను. సీలు హబ్బులో వదులైపోయింది. పూటంతా తల గోక్కుని, చివరికి స్టబ్ యాక్సిలు (హబ్బు తిరిగే పొట్టి ఇరుసు) ఎమరీ పేపరుతో రుద్ది చూస్తే లేతు గీతలు కనిపించాయి. జీపు యాక్సిలునే 41.275 నుంచి 40కి తిప్పేశారు, హబ్బులో స్లీవు దించారు. ఆ రోజు జీపు బేరింగు దొరకలేదేమో, దొరికినదానికి బండిని సరిపెట్టారన్నమాట. అప్పటి నుంచి బేరింగు నంబరు ఒక్కటే చూసి ఊరుకోను. యాక్సిలు, సీలు కూర్చునే చోటు, హబ్బు బోరు, మూడూ వెర్నియరుతో కొలుస్తాను. మూడూ ఒకే మాట చెప్తే సరే. ఒకటి వేరేగా చెప్తే ఎక్కడో లేతు పడిందని అర్థం.

లేతు పడినచోట ఇంకో ప్రమాదం ఉంది. ఫ్యాక్టరీ యాక్సిలులో మెట్టు దిగే మూల గుండ్రంగా ఉంటుంది. లేతు పనిలో తొందరపడితే ఆ మూల కత్తి అంచులా పదునుగా మిగిలిపోతుంది. చీలిక అక్కడే పుడుతుంది. ఆ బండికి నేను బేరింగు వెయ్యలేదు, యాక్సిలే మార్పించాను. ఓనరుకి కోపం వచ్చింది, అయినా సరే.

ఆయిల్ సీలు సంగతి తేలిక. దాని మీద మూడు అంకెలు ఉంటాయి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. 50-68-9 అని ఉంటే అదే కొలత. చెరిగిపోతే కొలవండి, రబ్బరు పెదవి దగ్గర కాకుండా షాఫ్టు మీద.

బోల్టుల వృత్తం బండి పేరు చెప్పదు అన్నాను గానీ, చక్రం రింగులు కొనడానికి అది కావాలి. నాలుగో ఆరో అయితే ఎదురెదురు స్టడ్ల నడుమ దూరమే వృత్తం. ఐదు అయితే పక్కపక్క స్టడ్ల నడిమి నుంచి నడిమికి కొలిచి 1.7తో గుణించండి. 82 మిల్లీమీటర్లు వస్తే 139.7, 67 వస్తే 114.3. టేపుతో కాకుండా వెర్నియరుతో కొలవండి, ఎందుకంటే 114.3కీ 120.65కీ మధ్య ఈ కొలతలో తేడా నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు.

వృత్తం కన్నా నాకు భయం నట్ల మరతో. పాత జీపు స్టడ్డు అర అంగుళం, అంగుళానికి 20 మరలు. చాలా కొత్త బండ్లది 12 మిల్లీమీటర్లు. 12 మిల్లీమీటర్లలో 1.25 పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) రకం ఒకటుంది. అంగుళానికి 20 అంటే పిచ్ 1.27. తేడా కంటికి కనబడదు. అర అంగుళం నట్టు 12 మిల్లీమీటర్ల స్టడ్డు మీద చక్కగా ఎక్కేస్తుంది, కొంచెం వదులుగా. బిగించేటప్పుడు పట్టినట్టే ఉంటుంది, మరల కొసలు మాత్రమే పట్టుకుని ఉంటాయి. పని నేర్చుకునే రోజుల్లో నేను డబ్బాలో నట్లు కలిపేసి అలా బిగించిన చక్రం ఒకటి, బండి చిలకపాలెం దాటాక ఊడి పొలంలోకి వెళ్లింది. ఎవరికీ ఏమీ కాలేదు. మా మేస్త్రి కొట్టలేదు, తిట్టలేదు, వారం రోజులు నా చేత నట్లు వేరు చేయించాడంతే. మీ బండికి హబ్బులు ఒకచోటివి, డిస్కులు ఇంకోచోటివి కాబట్టి ప్రతి స్టడ్డూ పిచ్ గేజితో చూడండి. విల్లీస్ వంశం బండ్లలో ఎడమవైపు చక్రాలకి ఎడమ మర ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోండి. తెలియక బలం పెట్టి స్టడ్లు విరగ్గొట్టినవాళ్లు ఉన్నారు.

ఇక మీ అసలు బాధ, బాల్ జాయింటు. ముందు అదే ఆడుతోందని నిర్ధారించుకోండి. మీ బండిలో స్ప్రింగు కింది ఆర్ము మీద కూర్చుంది కాబట్టి జాకీ కింది ఆర్ము కిందే, వీలైనంత చక్రానికి దగ్గరగా పెట్టి లేపాలి. చాసిస్ కింద పెట్టి లేపితే స్ప్రింగు ఆర్ముని కిందకి తోసి జాయింటుని బిగపట్టేస్తుంది, ఆడుతున్న జాయింటు కూడా బాగున్నట్టు కనిపిస్తుంది. లేపాక టైరు కింద గడ్డపార పెట్టి ఎత్తుతూ చూడండి. బేరింగు లూజుని కూడా బాల్ జాయింటు అని మార్చేసినవాళ్లు చాలామంది, కాబట్టి ఒకరు బ్రేకు తొక్కి ఉంచి మళ్లీ ఊపి చూడండి. బ్రేకు తొక్కితే ఆట పోతే అది బేరింగుది.

జాయింటు ఊడదీశాక ఇవి రాసుకోవాలి. ఆర్ములోకి దిగే భాగం వ్యాసం, లేదా బోల్టులతో బిగించే రకమైతే కన్నాలు ఎన్ని, వాటి నడుమ దూరం ఎంత. కొన మీది మర. అన్నిటికన్నా ముఖ్యం స్టడ్డు టేపరు, అంటే నకిల్ (హబ్బుని మోస్తూ స్టీరింగుతో తిరిగే ముక్క) కన్నంలో దిగే ఏటవాలు భాగం. దాని లావు కొన ఎంత, సన్నని కొన ఎంత, ఆ రెంటి నడుమ పొడవు ఎంత. 24 మిల్లీమీటర్ల పొడవులో వ్యాసం 3 మిల్లీమీటర్లు తగ్గితే టేపరు 1:8. 2.4 తగ్గితే 1:10. తేడా అరమిల్లీమీటరు పైచిలుకు, అంతే. చేత్తో పెట్టి చూస్తే రెండూ సరిపోయినట్టే అనిపిస్తాయి. నట్టు బిగిస్తే రెండూ బిగుస్తాయి. కానీ టేపరు కలవనిది ఒక చివరే ఆనుకుని ఉంటుంది, రెండో చివర గాలిలో ఊగుతుంది. వెయ్యి గోతులు దాటాక స్టడ్డు ఆ మెడ దగ్గర విరుగుతుంది.

నేను చూశాను గనక చెప్తున్నాను. సీతంపేట ఏజెన్సీలో తిరిగే జీపు, ఘాట్ రోడ్డు దిగాక ఊరి మొగలో ఆగేటప్పుడు చక్రం వొరిగిపోయింది. అయిదు నిమిషాల ముందు అయితే లోయలో ఉండేవాళ్లు. విరిగిన స్టడ్డు చూస్తే సన్నని కొన వైపు మెరుపు, లావు కొన వైపు తుప్పు. నకిల్ కన్నం ఒక బండిది, జాయింటు ఇంకో బండిది. మధ్యలో పలచటి ఇత్తడి రేకు చుట్టి దించారు. రేకు చుట్టడం మన దగ్గర చాలామంది చేసే పని, దయచేసి అది ఎవరితోనూ చేయించకండి.

టేపరు కలిసిందో లేదో తేల్చే పద్ధతి చవకైనది. ఫిట్టర్లు వాడే నీలం పేస్టు, లేకపోతే ఇంట్లో లిప్‌స్టిక్ అయినా పరవాలేదు, కొత్త స్టడ్డుకి పలచగా రాయండి. కన్నంలో పెట్టి కొద్దిగా నొక్కి, కాస్త తిప్పి తీయండి. రంగు కన్నం లోపల చుట్టూతా, పై నుంచి కింది దాకా అంటుకుంటే సరిపోయింది. ఒక అంచునే ఉంగరంలా అంటుకుంటే సరిపోలేదు. సరిపోకపోతే రెండే దారులు. సరైన టేపరు జాయింటు వెతకడం, లేదా మంచి టర్నరు దగ్గర టేపరు రీమరుతో కన్నం సరిచేయించడం. రెండోది కన్నం చిన్నగా ఉన్నప్పుడే కుదురుతుంది. పెద్దగా ఉంటే ఆ నకిల్ పక్కన పెట్టి వేరేది చూసుకోవాలి. వెల్డింగుతో పూడ్చి మళ్లీ రీమరు కొడతానంటే ఒప్పుకోకండి. నకిల్, స్టీరింగు ఆర్ము, ఈ రెంటి మీద వెల్డింగు రాడ్డు పడకూడదు.

బ్రేకుల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ ఆనవాళ్లు ఎక్కువ. డిస్కు బయటి వ్యాసం, మందం, టోపీ (హబ్బుకి ఆనే నడిమి ఉబ్బు) లోతు కొలవండి. చాలా డిస్కుల మీద కనీస మందం ఇంత అని పోతలోనే అంకె ఉంటుంది, తుప్పు గీకితే కనిపిస్తుంది. కాలిపరు పోత మీద పిస్టను వ్యాసం 48 అనో 54 అనో ఉండొచ్చు, లేకపోతే కొలవండి. ప్యాడు పాతది పారేయకండి. వెనక రేకు మీద నంబరు ఉంటే అదే చాలు, లేకపోతే తెల్ల కాగితం మీద పెట్టి పెన్సిలుతో గీత గీసి, మందం రాసుకోండి. ప్యాడ్లు అమ్మే పాత షాపుల్లో ఆకారం చూసే తీసిస్తారు, కేటలాగు తెరవరు.

ఇక్కడ మీరు అడగని విషయం ఒకటి. పాత జీపుల్లో మాస్టర్ సిలిండరు (పెడలు తొక్కితే బ్రేకు ఆయిలుని నెట్టేది) నేల పలక కింద ఉంటుంది, డ్రమ్ము బ్రేకుల కోసం చేసినది. డ్రమ్ము వాటిలో గొట్టంలో కొద్దిపాటి ఒత్తిడి ఎప్పుడూ నిలిపి ఉంచే వాల్వు ఉంటుంది, సుమారు 10 పి.ఎస్.ఐ. డిస్కులకి అది ఎక్కువ. ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ ఉంటాయి, డిస్కు కాలిపోతుంది, ప్యాడ్లు త్వరగా అరుగుతాయి. అలాగని వాల్వు పూర్తిగా తీసేస్తే, సిలిండరు కాలిపర్ల కన్నా కిందుంది కాబట్టి ఆయిలు వెనక్కి జారి మొదటి తొక్కు ఖాళీగా పోతుంది. అలాంటిచోట డిస్కు లైనుకి 2 పి.ఎస్.ఐ. వాల్వు పెడతారు. మీ ప్యాడ్లు ఏడాదిలోనే అయిపోయాయని రాశారు. జాయింటు మార్చాక, పది కిలోమీటర్లు తిరిగొచ్చి చక్రం దగ్గర చెయ్యి పెట్టి వేడి చూడండి. నా అనుమానం అక్కడే ఉంది.

కాయిల్ స్ప్రింగుకి తీగ మందం, బయటి వ్యాసం, చుట్లు, విప్పాక ఎత్తు రాసుకుంటే చాలు. చివర గ్యాసుతో కోసిన గుర్తు ఉందేమో చూడండి. ఎత్తు తగ్గించిన బండి అంటున్నారు కాబట్టి ఉండే అవకాశమే ఎక్కువ. వేడి తగిలిన చుట్టు పదును పోయి ఎప్పుడో విరుగుతుంది. స్ప్రింగు విప్పేటప్పుడు మాత్రం కంప్రెసరు వాడండి, గొలుసు కట్టి విప్పే సాహసం వద్దు. బుష్షులకి లోపలి గొట్టం బోరు, బయటి వ్యాసం, పొడవు, ఈ మూడూ ఉంటే రబ్బరు బుష్షులు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి.

ర్యాక్ స్టీరింగు ఏ బండిదన్నది పెద్ద విషయం కాదు, ఎక్కడ కూర్చుందన్నదే విషయం. ర్యాకు లోపలి రెండు బంతులూ పై ఆర్ము, కింది ఆర్ము చాసిస్‌కి తగిలే పిన్నుల్ని కలిపే గీత మీద పడాలి. అలా పడకపోతే గోతిలో చక్రం లేచినప్పుడల్లా స్టీరింగు తిప్పకుండానే చక్రం తిరుగుతుంది. వేర్వేరు బండ్ల ఆర్ములు, ర్యాకు కలిపినచోట ఈ జబ్బు లేని బండి నేను చూడలేదు. పరీక్షకి స్ప్రింగు తీసేసి, చక్రాన్ని జాకీతో అంగుళం అంగుళం చొప్పున లేపుతూ, హబ్బుకి కట్టిన పలక ముందు కొన, వెనక కొన గోడకి ఎంత దూరంలో ఉన్నాయో కొలవండి. రెండు మూడు అంగుళాల కదలికలో కొద్దిగా మారితే సర్దుకోవచ్చు. వేలెడంత మారితే ర్యాకు బ్రాకెట్టు కోసి మళ్లీ పెట్టాల్సిందే. మీరు "హైవే మీద బండి అటూ ఇటూ లాగుతోంది" అని చివర్లో ఒక ముక్క రాశారు, దానికి కారణం బాల్ జాయింటు ఒక్కటే అని నేను అనుకోవడం లేదు.

ఆర్ముల బ్రాకెట్లు చాసిస్‌కి పట్టిన వెల్డింగులు కూడా ఎలాగూ కింద పడుకున్నారు కాబట్టి చూసేయండి. రంగు గీకి, వైరు బ్రష్షు కొట్టి, అంచుల్లో సన్నటి గీతలు, తుప్పు కారిన చారలు వెతకండి. చారే పట్టిస్తుంది.

కాగితాల మాట కూడా ఒక్కటి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఇది మీరు చేసిన మార్పు కాకపోయినా, ఆర్.సి. మీ పేరు మీద ఉంది. రెన్యువలుకి వెళ్లే ముందు ఆర్.టి.ఒ. ఆఫీసులో విచారించుకోండి. నాకు తెలిసిన పని ఇనుముది, కాగితాలది కాదు.

సామాను ఎక్కడ దొరుకుతుందంటే, బేరింగులు, సీళ్లు శ్రీకాకుళంలోనే దొరుకుతాయి, వాహనాల షాపులో కాకుండా బేరింగుల షాపులో అడగండి. రైసు మిల్లులకి, జీడిపిక్కల ఫ్యాక్టరీలకి ఇచ్చేవాళ్లు వాళ్లు. నంబరు చెప్తే చాలు, బండి పేరు చెప్తే తికమకపడతారు. బాల్ జాయింటు, నకిల్ లాంటివి మాత్రం గాజువాక ఆటోనగర్‌కి వెళ్లాల్సి రావచ్చు. పాత జాయింటు, పాత నకిల్ రెండూ పట్టుకుని, నీలం పేస్టు జేబులో పెట్టుకుని వెళ్లండి. అక్కడే పెట్టి చూసి కొనండి. బేరం తర్వాత.

దొరికాక పాత నోటు పుస్తకం ఒకటి తీసి, ఎడమ ముందు, కుడి ముందు అని పేజీలు వేసి, ఏ సామాను, ఏ నంబరు, ఏ కొలత రాసి బండి సీటు కింద పెట్టండి. కుడి వైపుకీ ఎడమ వైపుకీ ఒకే సామాను ఉంటుందని అనుకోవద్దు. కుడివైపు కూడా విప్పి చూడండి, ముఖ్యంగా ఆ జాయింటు టేపరు.

ప్రస్తుతానికి నాకు కావాల్సినవి నాలుగు. లోపలి, బయటి బేరింగుల నంబర్లు, సీలు మీద అంకెలు, ఎడమ కింది జాయింటు స్టడ్డు లావు కొన, సన్న కొన, పొడవు, నకిల్ కన్నాన్ని పై నుంచీ కింది నుంచీ తీసిన రెండు ఫొటోలు. ఫొటోలో పక్కన స్కేలు పెట్టండి. ఇవి పెడితే ఏ జాయింటు అడగాలో చెప్పగలను. అప్పటిదాకా ఆ బండి స్టాండ్ల మీదే ఉండనివ్వండి తమ్ముడూ.